తొమ్మిది మీద కొసరు

మా మామ జయరామన్ తన జన్మలో ఎవరికీ ఏ వస్తువూ సరిగ్గా తూచి ఇవ్వలేదు. మోసం చేశారని కాదు, ఆ మాట అంటే ధర్మపురి బజారంతా నా మీదికి వస్తుంది. చింతపండు మండీని ఇక్కడ తమిళంలో పుళిమండీ అంటారు. మా పుళిమండీలో పండు తూకం అయ్యాక, సంచి మూతి కట్టేముందు ఒక గుప్పెడు పైన వేయాలి. అది కొసరు. అది వేసేటప్పుడు కాటా వైపు చూడకూడదు. చూసి వేస్తే కొసరు కాదు, లెక్క అవుతుందని మామ సిద్ధాంతం. పాత తక్కెడ పోయి అంకెలు వెలిగే కాటా వచ్చినా సరే, ఆయన తల పక్కకు తిప్పుకునే గుప్పెడు వేస్తారు.

పొరపాటున ఎవరికైనా తూకం తగ్గితే దానికీ ఒక పద్ధతి ఉంది. తగ్గినదానికి మూడింతలు, దాని మీద మళ్ళీ కొసరు, తగ్గించినవాడే మోసుకెళ్ళి ఇచ్చి రావాలి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఆరేళ్ళలో అలా మోసుకెళ్ళడం ఒక్కసారే చూశాను. మోసింది కూలివాడు కాదు, మామే.

కిందటి సంక్రాంతి అయిన వారానికి మామ తొప్పూరు కనుమలో వ్యాను నడుపుతూ నిద్రపోయారు. వ్యాను గట్టుకు ఒరిగి ఆగింది. వెనక మూటలు క్షేమం, ముందు మామ క్షేమం. జనం పోగై, ఇంజను ఇంకా నడుస్తోందనుకుని ఆపడానికి చూస్తే, ఇంజను ఎప్పుడో ఆగిపోయింది, ఆ చప్పుడు మామ గురక అట.

సేలంలో డాక్టర్ సత్య ఒక రాత్రంతా ఆయన ఒంటికి వైర్లు తగిలించి చూసి, నిద్రలో గంటకు నలభై రెండుసార్లు ఊపిరి ఆగుతోందని చెప్పింది. "నలభై అనుకుందాంలేమ్మా" అన్నారు మామ. డాక్టరమ్మ బేరం ఒప్పుకోలేదు. ముక్కుకు మాస్కు పెట్టి గాలి తోసే మిషను రోజూ వాడాలని, గాలి ఒత్తిడి తొమ్మిది ఉండాలని రాసిచ్చింది. మిషనులో ఉండే చిన్న కార్డు ప్రతి రాత్రి సంగతీ రాసుకుంటుందట. రెండు నెలల తరవాత ఆ కార్డు తెచ్చి చూపించి, అది బాగుంటేనే బండి నడపాలి. అప్పటిదాకా స్టీరింగ్ ముట్టకూడదు.

ఆ సాయంత్రమే మా అత్త వసంతకుమారి వ్యాను తాళంచెవి తీసి కొంగుకు కట్టేసుకుంది. ఆ ముడి విప్పే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

మరి సీజనులో కొండ మీద నుంచి చింతపండు ఎవరు తేవాలి? మా ఆయన రాజ్‌మోహన్ హోసూరు ఫ్యాక్టరీలో పని, ఆదివారం మాత్రమే వస్తాడు, పైగా స్టీరింగ్ పట్టుకుంటే చెమటలు పడతాయి. కంబైనల్లూరులో మా నాన్నకు గూడ్సు ఆటో ఉండేది. పెళ్ళికి ముందే నేను దాని మీద నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. ఆరేళ్ళుగా ఆ లైసెన్సు బీరువాలో పెళ్ళి ఆల్బం కింద పడి ఉంది. గత్యంతరం లేక అత్త కొంగు ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది. ప్రతిసారీ పని కాగానే మళ్ళీ తీసుకుని ముడి వేసేసేది.

వత్తల్‌మలై కొండ వంపులు మొదటిసారి ఒంటరిగా ఎక్కిన రోజు పైన బండి ఆపి, కిందికి చూసి ఏడ్చాను. సంతోషం తప్ప వేరే కారణం లేదు. వంటింట్లో ఆరేళ్ళు నిలబడ్డ కాళ్ళు అవి. తరవాత తరవాత పండు నొక్కి తేమ చెప్పడం, గింజ ఎంత పోతుందో పిడికిట్లో అంచనా వేయడం కూడా నేర్చుకున్నాను. ధర మాత్రం మామ ముందే ఫోనులో చెప్పేవారు. ధర చెప్పడం ఆయన పని.

ఇక మిషను. దాన్ని తెచ్చి బిగించినవాడి పేరు మణివణ్ణన్. మా ముగ్గురినీ మంచం చుట్టూ నిలబెట్టి, రెండు బటన్లు కలిపి మూడు సెకన్లు నొక్కి, లోపలి మెనూ తెరిచి, గుండ్రటి మీట తిప్పి తొమ్మిది దగ్గర ఆపాడు. మీట ఒక్కో టిక్కుకు ఒక్కో అంకె మారుతుంది. అంతా వివరంగా చూపించాక, దీన్ని మీరెవరూ ముట్టుకోకూడదు, డాక్టరు చెబితే నేనే వచ్చి మారుస్తానన్నాడు. ముట్టకూడనిది ఎలా ముట్టాలో అంత శ్రద్ధగా నేర్పినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

"తొమ్మిదంటే తొమ్మిదేనా తంబీ? కొసరు లేదా?" అని మామ అడిగారు. మణివణ్ణన్ నవ్వాడు. మామ నవ్వలేదు.

మొదటి రెండు రోజులు ఇంట్లో అద్భుతం జరిగింది. మామ తెల్లారి లేచి పేపరు చివరి పేజీ దాకా చదివారు. మండీలో కూర్చుని మధ్యాహ్నం దాకా ఒక్క ఆవులింత కూడా తీయలేదు. తరవాత మెల్లగా ఆవులింతలు తిరిగొచ్చాయి. పదో రోజుకు మూటల మీద ఒరిగి, ఎప్పటిలాగే నోరు తెరిచి నిద్రపోతున్నారు. నేను గదిలోకి వెళ్ళి, రెండు బటన్లు నొక్కి చూశాను. మిషను నాలుగు మీద ఉంది. అంతకంటే కిందికి అది దిగదు.

మర్నాడు కాపు కాశాను. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడితే, మామ పూజ ముగించుకొచ్చి, విభూది చేత్తోనే బటన్లు నొక్కి, తల పక్కకు తిప్పుకుని, మీట ఒక టిక్కు పైకి తిప్పారు. అంకె చూడలేదు. చూస్తే కొసరు కాదు కదా.

నన్ను చూసి గొంతు తగ్గించారు. "డాక్టరమ్మ మంచిదే గాని చెయ్యి బిగువమ్మా. తొమ్మిదికి తొమ్మిదే ఇచ్చింది. ఊపిరి విషయంలో కూడా పిసినారితనమా? దినానికొక టిక్కు నేనే ఏసుకొంటా ఉండా. మీ అత్తకు చెప్పొద్దు."

మధ్యాహ్నం అత్త గది ఊడుస్తూ చీపురు కింద పెట్టింది. కళ్ళజోడు లేకుండానే బటన్లు తడిమి, మీట రెండు టిక్కులు కిందికి తిప్పింది, స్టవ్ తిప్పినట్టే. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"మొదటి దినం పొద్దున చూసినావా, కడుపు ఉబ్బి ఎట్లా తేపుతా ఉండినారో? గాలంతా కడుపులోకి పోయింది. పాలు పొంగితే మంట తగ్గించమా? దినమూ రవ్వంత తగ్గిస్తా ఉండా. మీ మామకు చెప్పొద్దు, రోషం వస్తుంది."

ఒకరు రోజుకు ఒకటి పెంచుతారు, ఒకరు రోజుకు రెండు తగ్గిస్తారు. ఇద్దరూ అంకె చూడరు. మధ్యలో ఒక మనిషి ఊపిరి రోజుకో మెట్టు దిగుతోంది.

ఇద్దరికీ చెప్పేయాల్సింది కదా అంటారు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. మామ కొసరు సంగతి అత్తకు తెలుస్తుంది, అత్త మంట సంగతి మామకు తెలుస్తుంది, ముప్పై నాలుగేళ్ళ కాపురం మొత్తం నా వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది. అందుకని నేను సులువైన దారి పట్టాను. రోజూ సాయంత్రం ఆరింటికి దేవుడి దగ్గర దీపం పెట్టి, నేరుగా ఆ గదిలోకి వెళ్ళి, మిషనును తొమ్మిదికి పెట్టేదాన్ని. నేను మాత్రం అంకె చూసే పెట్టాను.

మామ మళ్ళీ మేలుకున్నారు. ఈసారి గట్టిగా మేలుకున్నారు. తన టిక్కు పనిచేసిందని ఆయన నా చెవిలో చెప్పారు. తన రెండు టిక్కులు పనిచేశాయని అత్త నా చెవిలో చెప్పింది. రెండు చెవులూ ఇచ్చి విన్నాను. ఆయన మండీ చూసుకుంటుంటే నేను వారానికి రెండుసార్లు కొండకు, ఒకసారి పెన్నాగరం వైపు వెళ్ళి వచ్చేదాన్ని. ఫిబ్రవరిలో మిగిలిన రోజులన్నీ అలా హాయిగా గడిచాయి.

మార్చి తొమ్మిది, సోమవారం. మధ్యాహ్నం భోజనం ముందు కూర్చుని మామ ఉత్సాహంగా అన్నారు. "ఇంక ఇరవై దినాలేమ్మా హేమా. రిపోర్టు బాగొస్తుంది, నాకు తెలుసు. తాళంచెవి నా చేతికి వచ్చేస్తుంది. నువ్వు ఎండలో అల్లాడే పని లేదు, ఇంట్లో చల్లగా కూచో."

ఆయన ప్రేమగానే అన్నారు. అదే నాకు మండింది. చల్లగా కూర్చోవడమట! ఆయన్ను మేలుకొలిపిందెవరు? రోజూ సాయంత్రం నా డ్రైవరు సీటుకు నేనే చీటీ చింపుకుంటున్నానని అప్పుడు గానీ తట్టలేదు. మిషను సరిగా ఉన్నన్నాళ్ళూ రిపోర్టు బాగుంటుంది. రిపోర్టు బాగుంటే లైసెన్సు మళ్ళీ ఆల్బం కిందికి పోతుంది.

ఆ సాయంత్రం దీపం పెట్టాను. గదిలోకి వెళ్ళలేదు.

నేను పెంచలేదు, తగ్గించలేదు, అసలు ముట్టనే లేదు. మణివణ్ణన్ చెప్పినట్టే నడుచుకున్నాను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మంగళవారమూ వెళ్ళలేదు. బుధవారమూ వెళ్ళలేదు. లెక్క నాకు తెలుసు. ఎనిమిది, ఏడు, ఆరు.

గురువారం మామ నాతో కొండకు వస్తానన్నారు, పాత రైతులను ఒకసారి పలకరించి రావాలట. వాళ్ళలో వీరన్ అనే రైతు ఇంటి ముందు ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టారు. మొదటి కోత పండంతా వాకిట్లో తాటాకు చాపల మీద ఆరబోసి ఉంది. మామ ఒక కాయ తీసుకుని నొక్కి, నాలుక మీద పెట్టుకుని, "వీరా, ఈ పండుకు కిలో..." అని ఆగిపోయారు.

వీరన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను వెనక నుంచి చూస్తే మామ తల నిటారుగానే ఉంది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. నిద్రపోయారు.

అయ్యగారు ఆలోచిస్తున్నారని వీరన్ అనుకున్నాడు. కాసేపు చూసి, పండు నచ్చలేదేమోనని తనే తను అనుకున్న ధర చెప్పాడు. మామ పలకలేదు. కాస్త తగ్గించాడు. మామ పలకలేదు. ఇంటి లోపలి నుంచి అతని భార్య తొంగిచూసింది. అతను ఇంకొంచెం తగ్గించాడు. ఆ గొంతు వణికింది.

నా ఒళ్ళంతా సిగ్గుతో కాలింది. ఆ మనిషి రెక్కల కష్టం ఒక్కో మెట్టూ కిందికి దిగుతుంటే, ఆ మెట్లు కట్టినదాన్ని నేను అక్కడే నిలబడి ఉన్నాను.

"మొదట చెప్పినావే, అదే ధర" అన్నాను తమిళంలో, గట్టిగా. "మామకు ఒంట్లో బాగాలేదు. మూటలు కట్టు."

అది నా జీవితంలో నేను చెప్పిన మొదటి ధర. గొప్పగా చెప్పుకోవలసిన సందర్భమే, కానీ అప్పుడు నేను వీరన్ మొహం కూడా చూడలేకపోయాను. దిగేటప్పుడు ప్రతి వంపులోనూ మామ తల కిటికీ అద్దానికి తగులుతూ వచ్చింది. ఒక చేత్తో నా కొంగు మడిచి ఆయన తలకూ అద్దానికీ మధ్య పెట్టాను. ఈయన ఊపిరి పట్టుకుని నేను ఒక సీటుకు బేరమాడుతున్నాను. ఆ సాయంత్రం దీపం పెట్టడం కూడా మరిచి ముందు మిషను దగ్గరికి పరుగెత్తాను. తొమ్మిది.

నెలాఖరున ముగ్గురం సేలం వెళ్ళాం. బండి నడిపింది నేనే. డాక్టర్ సత్య కార్డు తీసి కంప్యూటరులో పెట్టింది. తెర మీద గీత కనిపించింది. మొదటి పది రోజుల్లో మెట్లు మెట్లుగా నాలుగు దాకా దిగి, ఒక్కసారిగా తొమ్మిదికి ఎక్కి, తరవాత తిన్నగా సాగింది. మధ్యలో ఒక్కచోట మూడు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, తిన్నగా చివరిదాకా వచ్చింది.

"ఈ ఒత్తిడి ఎవరు మార్చారు?" అని తమిళంలో అడిగింది డాక్టరమ్మ.

మామ నిజాయితీపరుడు. "నేనేనమ్మా, దినానికి ఒకటి. కొసరు" అన్నారు. అత్త ఆయన వైపు విడ్డూరంగా చూసి, "అయ్యో, నేను దినమూ రెండు తగ్గిస్తా ఉండానే!" అంది. తరవాత ఇద్దరూ తెలుగులోకి మారారు. అది డాక్టరమ్మకు అర్థం కాకపోవడం మా అదృష్టం.

ఆమె పెన్నుతో తెర మీద కొట్టింది. "మీరు పెంచారు, ఆమె తగ్గించింది, సరే. మరి ఇన్ని రోజులు సరిగ్గా తొమ్మిది ఎలా ఉంది?"

"నేను" అన్నాను. "రోజూ సాయంత్రం తొమ్మిదికి పెట్టాను."

"మరి ఈ మూడు రాత్రులు? మార్చి తొమ్మిది, పది, పదకొండు?"

"మరిచిపోయినాను."

డాక్టరమ్మ మా ముగ్గురినీ తిట్టింది. ఇంట్లో తోచినట్టు తిప్పితే మనిషి ప్రాణానికే ముప్పని, కడుపు ఉబ్బితే తనకు ఫోను చేయాలి గాని మీట తిప్పకూడదని చెప్పి, ఇంకెవరూ లోపలికి వెళ్ళకుండా మెనూకు తాళం వేయించింది. తొమ్మిది మీద ఉన్న రాత్రులన్నీ చాలా బాగున్నాయని, ఇలాగే వాడితే బండి నడపవచ్చని, ఏ రోజైనా మత్తుగా ఉంటే మాత్రం ముట్టకూడదని మామకు చెప్పింది. లేచేముందు మామ, "తొమ్మిదిన్నర?" అని మెల్లగా అడిగారు. ఆమె తలుపు వైపు తిరిగి తరవాతి పేషెంటును పిలిచింది.

బయట వ్యాను దగ్గర అత్త కొంగు ముందుకు లాక్కుని చూసింది. నేను నడిపి వచ్చాను కాబట్టి తాళంచెవి నా దగ్గరే ఉంది. దాన్ని మామ చేతిలో పెట్టాను. అత్త మంచినీళ్ళ సీసా కొంటానని అంగడి వైపు వెళ్ళింది. మామ తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని, బరువు చూస్తున్నట్టు రెండుసార్లు పైకీ కిందికీ ఆడించారు.

"మామా" అన్నాను. "నేను మరిచిపోలేదు."

"తెలుసు. తొమ్మిదో తేదీ సోమవారం. ఇంట్లో చల్లగా కూచోమని నీతో చెప్పింది ఆ మధ్యాహ్నమే." ఆయన నా వైపు చూడలేదు. "గురువారం వీరన్ వాకిట్లో నేనేం చేసినానో వాడే ఫోను చేసి చెప్పినాడు. ఒంట్లో ఎట్లుండాదని అడిగేదానికి చేసినాడు. ధర నువ్వు చెప్పినావంట."

నాకు కన్నీళ్ళు ఆగలేదు. "తప్పు చేసినాను మామా. మీకేమన్నా అయ్యుంటే..."

"ఏడవద్దు. తూకం తగ్గించినావు. మన అంగడి పద్ధతి నీకు తెలుసు గదా?"

తల ఊపాను.

"మూడు రాత్రులు. రాత్రికి మూడు వారాలు. మొత్తం తొమ్మిది. దాని మీద కొసరు ఒక వారం. పది వారాలు నువ్వే బండి తోలాల. నేను పక్కన కూచుంటా." తాళంచెవి నా చేతిలో పడేశారు.

సీజను అయిపోవడానికి సరిగ్గా పది వారాలున్నాయి. ఆయన ఆ మాట అనలేదు, నేనూ అనలేదు. ఇది శిక్షా, బహుమానమా అని సేలం నుంచి ధర్మపురి దాకా ఆలోచిస్తూ నవ్వు ఆపుకున్నాను. వెనక సీట్లో అత్త, ఇంకో పది వారాలు నేనే నడుపుతానని మామ చెబితే ఎందుకో అర్థం కాక, డాక్టరమ్మే చెప్పి ఉంటుందని సరిపెట్టుకుంది.

మర్నాటికి తెలిసింది అది శిక్షేనని. నేను ఇన్నాళ్ళూ ఒంటరిగా ఎక్కాను, లేదా నిద్రపోతున్న మనిషిని పక్కన పెట్టుకుని ఎక్కాను. రాత్రంతా తొమ్మిది మీద సుఖంగా నిద్రపోయి లేచిన జయరామన్ పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. "హారను కొట్టు. సెకండుకు రా. అదో మేక. అదో ఇంకో మేక. బస్సు వస్తాది, నిలుపు. ఎందుకు నిలిపినావు?" ప్రతి వంపులోనూ ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతోంది. ఒక్క ఆవులింత కూడా లేదు. ఆయన గురక కోసం నేను మొక్కుకున్నది ఆ రోజే.

వీరన్ వాకిట్లో బండి ఆపాను. రెండో కోత పండు ఆరబోసి ఉంది. మామ దిగలేదు. సీటు వెనక్కి వాల్చుకున్నారు.

"దిగండి మామా."

"నువ్వు పో. చూసి ధర చెప్పు. నేను నిద్రపోతా ఉండా అనుకో" అని కళ్ళు మూసుకున్నారు.

వీరన్ వ్యాను వైపు చూసి, అయ్యగారి నిద్ర చెడుతుందని గొంతు తగ్గించాడు. నేను చాపల మధ్య కూర్చుని పండు నొక్కాను, చీరి గింజ చూశాను, నాలుక మీద పెట్టుకున్నాను. అతను తన ధర చెప్పాడు, నేను నాది చెప్పాను. అతను కొంచెం దిగాడు, నేను కొంచెం ఎక్కాను, ఇద్దరం ఒకచోట ఆగాం. వీరన్ మొహం చూశాను. ఈసారి గొంతు వణకలేదు. సరేనని చెయ్యి చాచాను.

వ్యానులో నుంచి, మూసిన కళ్ళు మూసినట్టే ఉండగా, మామ గొంతు కొండంతా వినబడేలా వచ్చింది.

"కొసరు అడుగమ్మా!"